మిర్చి బస్తా, పెండ్లి పత్రిక, కవిత్వం పుస్తకం: అన్నీ ఒక్కరే చెయ్యొచ్చా?

హనుమకొండలో ఒక ప్రెస్సులో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) ఆపరేటర్‌గా పని మొదలుపెట్టి, ఇప్పుడు చౌరస్తా దగ్గర సొంతంగా చిన్న డిజైన్ స్టూడియో నడుపుతున్నాను. లోగోలు, లేబుళ్లు, పుస్తకాల అట్టలు, పెండ్లి పత్రికలు, షాపు బోర్డులు, ఏది వచ్చినా చేస్తాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పని నేర్చుకుంటున్న పిల్లలవే ఎక్కువ. అందుకే మొదటి ప్రశ్నకు కొంచెం పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

“అక్కా, డిగ్రీ చదువుతూ డిజైన్ నేర్చుకుంటున్నాను. మీరు మిర్చి బస్తా మీది మార్కా నుంచి కవిత్వం పుస్తకం అట్ట దాకా అన్నీ చేస్తారట. ఇన్‌స్టాగ్రామ్‌లోనేమో ఒక్క స్టైల్ పట్టుకుంటేనే గుర్తింపు వస్తుందంటున్నారు. అన్నీ చేసేవాళ్లకు సొంత స్టైల్ ఉండదా?” – ఒక విద్యార్థిని, హనుమకొండ

ఉంటుందమ్మా. అయితే అది రంగులోనో గీతలోనో కనపడి తీరాలని లేదు. నా బల్ల మీదికి వచ్చే మూడు రకాల పనులు చెప్తాను, చూడు.

ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారు మిర్చి బస్తాల మీద ముద్ర వేయించుకోవడానికి మార్కా కావాలన్నాడు. గోనె నేత మొరటుగా ఉంటుంది. సన్న గీత వేస్తే పోగుల సందుల్లో పడి తెగిపోతుంది. రంగును జనపనార పీల్చుకుని పక్కకు పాకిస్తుంది. అందుకని అక్షరాల లోపలి ఖాళీలు మామూలు కంటే పెద్దగా పెట్టాలి. లేకపోతే ‘థ’ లోపలి చుక్క పూడుకుపోయి ‘ధ’ అవుతుంది, ‘ధ’ కింది గీత మాసిపోయి ‘ద’ అవుతుంది. ‘ధన’ అని మొదలయ్యే పేరున్న యజమానికి అది ఎంత బాధో ఆలోచించు. ఇంకో సంగతి ఏమిటంటే, ఆ బస్తాను మొదట చూసేది హమాలీ. యార్డు అవతలి వైపు నుంచి, వందల బస్తాల మధ్యలో, అడ్డంగానో తలకిందులుగానో పడి ఉన్నదాన్ని చూస్తాడు. పేరు చదవడు, ఆకారం చూస్తాడు. “చుక్క మార్కావి ఇటు, ఆకు మార్కావి అటు” అంటాడు. కాబట్టి ఎటు తిప్పినా గుర్తుపట్టే ఒక్క ఆకారం, దాని కింద లావు అక్షరాలు, ఒకే రంగు. అంతకు మించి ఒక్క చుక్క కూడా నేను పెట్టను.

కవిత్వం పుస్తకం సంగతి వేరు. దాన్ని ఒక్క మనిషి చేతిలో పట్టుకుని, మూరెడు దూరం నుంచి చాలాసేపు చూస్తాడు. అక్కడ అట్ట అరవాల్సిన పని లేదు. మేటర్ మొత్తం చదవకుండా నేను అట్ట మొదలుపెట్టను. అట్టకు ఇచ్చే డబ్బుతో పోలిస్తే ఆ చదువుకు పట్టే సమయం ఎక్కువే, అయినా సరే చదువుతాను. డెమ్మీ సైజులో ఎనభై పేజీల పుస్తకానికి వెన్ను మందం నాలుగైదు మిల్లీమీటర్లు కూడా రాదు. అందులో తెలుగు పేరు వేస్తే ఒత్తులు అంచు దాటి అట్ట మీదికి జారతాయి. అట్లాంటప్పుడు వెన్ను ఖాళీగా వదిలెయ్యమని కవికి నచ్చజెప్పడం కూడా డిజైనర్ పనే.

ఇక పెండ్లి పత్రిక. బొమ్మ ఎంత బాగున్నా ఇంటి పెద్దల పేర్ల వరుస తప్పితే ఆ పత్రిక పనికిరాదు. ముహూర్తం, ఫంక్షన్ హాల్ పేరు, ఊరు, ఈ మూడూ కళ్లజోడు పెట్టుకోని నాయనమ్మకు కూడా కనపడాలి. నాలుగు మూలలా పసుపు పెడతారు కాబట్టి ఆ మూలల్లో అక్షరం ఉండకూడదు. చాలామంది సరిగ్గా అక్కడే సన్నటి లతలు, చిన్నచిన్న అక్షరాలు పెడతారు. పసుపు అంటగానే అవన్నీ మాయం. పత్రిక తెచ్చినవాళ్లు బొట్టు పెట్టి చేతికిచ్చే వస్తువు అది. ఫోన్‌లో పంపడానికి నిలువుగా, పెద్ద అక్షరాలతో వేరేగా చెయ్యాలి. కాగితం మీదిదాన్నే ఫోటో తీసి పంపితే ఎవరూ చదవలేరు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒకే చెయ్యి చేసినట్టు కనపడవు. కానీ మూడింటికీ నేను వేసుకున్న ప్రశ్నలు ఒకటే: ఎవరు చూస్తారు, ఎంత దూరం నుంచి, ఎంతసేపు, దేని మీద అచ్చవుతుంది? జవాబులు మారాయి కాబట్టి డిజైన్ మారింది. అన్ని పనుల్లోనూ నేను ముందు అక్షరం కుదుర్చుకుంటాను, బొమ్మ తర్వాత. ఖాళీ జాగాను నింపాలన్న ఆత్రం నాకు లేదు. రెండు రంగుల్లో అయ్యేదానికి మూడో రంగు వాడను. నా స్టైల్ ఏదని అడిగితే నేను చూపించగలిగేది ఇదే.

పెద్దవాళ్ల పని చూసినా నీకు ఇదే కనపడుతుంది. అమెరికాలో మిల్టన్ గ్లేజర్ అనే డిజైనర్ ఉండేవాడు, 1929లో పుట్టి 2020లో పోయాడు. 1966లో గాయకుడు బాబ్ డిలన్ పోస్టర్ వేశాడు. నల్లటి ముఖం పక్కవాటం, జుట్టంతా రంగురంగుల పాయలు. తర్వాత పదేళ్లకు న్యూయార్క్ రాష్ట్రం కోసం మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఎర్రటి గుండె గుర్తు, అంతే. ఆ గుండె గుర్తు మన దగ్గర టీషర్టుల మీద కూడా చూసే ఉంటావు. ఒకదాంట్లో రంగుల జాతర, ఇంకోదాంట్లో టైపు మిషన్ అక్షరాల్లాంటివి. ఆయనే సూపర్ మార్కెట్ల లోపలి అలంకరణ కూడా చేశాడు. ఒక్క స్టైల్ పట్టుకోలేదని ఆయన్ను ఎవరూ మర్చిపోలేదు కదా.

మన దేశంలో సత్యజిత్ రాయ్ ఉన్నాడు. అందరికీ సినిమా డైరెక్టర్‌గానే తెలుసు. 1943లో కలకత్తాలో ఒక ప్రకటనల కంపెనీలో చిత్రకారుడిగా చేరాడు. సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థకు అట్టలు వేశాడు. ఒక బెంగాలీ నవల పిల్లల ప్రతికి బొమ్మలు వేస్తుంటేనే ఆ కథ ఆయన మనసులో నాటుకుంది, తర్వాత అదే ఆయన మొదటి సినిమా అయింది. తన సినిమాల పోస్టర్లు తనే గీసుకున్నాడు. ‘రే రోమన్’ పేరుతో ఇంగ్లీషు అక్షరాల ఫాంటు కూడా తయారుచేశాడు. బెంగాలీ అక్షరాన్ని ఆయన ఒక్కో పోస్టర్‌లో ఒక్కో తీరుగా వంచాడు, ప్రతిసారీ ఆ సినిమాకు తగ్గట్టు.

నువ్వు చేయాల్సింది చెప్తాను. నీకు ఇష్టమైన ఒక్క పేరు తీసుకో, మీ ఊరి పేరైనా సరే. దాన్ని గోనె బస్తాకు ఒకసారి, పుస్తకం అట్టకు ఒకసారి, ఫోన్‌లో గోరంత కనపడే గుర్తుగా ఒకసారి చెయ్యి. మూడింటికీ ఒకే డిజైన్ అతికిస్తే కుదరదని నీ కళ్లకే తెలుస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేటప్పుడు నీకు నచ్చిన ఒక్క రకం పనులే పెట్టుకో, తప్పేం లేదు. కానీ వరంగల్‌లో ఉండి ఈ పని మీద బతకాలంటే మిర్చి బస్తాను తక్కువగా చూడొద్దు.

“ఏఐ బొమ్మలు వచ్చాక మా డిజైనర్ల పని పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.” – నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు

కొన్ని పనులు పోతాయి, అబద్ధం చెప్పను. పండుగ శుభాకాంక్షల పోస్టర్ల లాంటివి ఇప్పటికే ఎవరికి వారు చేసుకుంటున్నారు. కానీ ఆ బొమ్మల్లో తెలుగు అక్షరాలను ఒకసారి దగ్గరగా చూడండి, ఒత్తులు చాలాసార్లు తప్పుతాయి. అది రేపు సరికావచ్చు. పెండ్లి పత్రికలో చిన్నాన్న పేరు విడిచిపోయిందని ఆ ఇంటివాళ్లను అడిగి కనుక్కునే పని మాత్రం మనిషిదే. అది బాగా చేసేవాళ్ల దగ్గరికి జనం వస్తూనే ఉంటారు.

“మేడమ్, అను ఫాంట్లలో కొట్టిన మేటర్ వాట్సాప్‌లో పెడితే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. యూనికోడ్‌కు మారితే ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతున్నాయి. రెండింటి మధ్య నలిగిపోతున్నాను.” – డీటీపీ ఆపరేటర్, జనగామ

మీ కష్టం నాకు బాగా తెలుసు తమ్ముడూ, ప్రెస్సుల్లో సగం చిరాకు ఇదే. అను లాంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చి పెట్టారు. తలకట్టు ఒక చోట, గుడి ఒక చోట, ఒత్తు ఒక చోట. ఆ ఫాంటు లేని ఫోన్‌లోకి వెళ్లగానే కింద దాగి ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలున్నాయి, కాబట్టి ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే ఉంటుంది.

ఒత్తులు విడిపోవడం ఫాంటు తప్పు కాదు, సెట్టింగ్ తప్పు. కొన్నేళ్ల కిందటి ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి, కొత్త వెర్షన్లలో దీన్ని విడిగా పెట్టక్కర్లేదు. ఇంకా పాత వెర్షన్లలో అదే చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. ఆ తర్వాత కొత్త ఫైల్ తెరవండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ పెట్టండి. మరీ పాత వెర్షన్ అయితే ఇవి ఉండవు, సాఫ్ట్‌వేర్ మార్చుకోక తప్పదు.

ఫాంట్ల కొరత అన్నది ఇప్పుడు లేదు. యూనికోడ్ తొలిరోజుల్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన ఫాంటుకు పోతన పేరే పెట్టారు. పోతన మీ జనగామ జిల్లా బమ్మెర ఆయన కాబట్టి దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, పొన్నాల లాంటివి ఉచితంగా దొరుకుతాయి, వ్యాపార పనులకు కూడా వాడుకోవచ్చు. చదివే మేటర్‌కు నేను మండలి కానీ నోటో సెరిఫ్ తెలుగు కానీ వాడతాను. రామభద్ర హెడ్డింగులకే, పేరా మొత్తం దాంట్లో పెడితే చదివేవాళ్లకు ఊపిరాడదు. ఒకే కుటుంబంలో సన్నం నుంచి లావు దాకా కావాలంటే అనేక్ తెలుగు చూడండి.

ఏ ఫాంటు తీసుకున్నా నేను ముందు కొట్టి చూసే మాటలు కొన్ని ఉన్నాయి: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, ఆర్ద్రత. ఇవి పై లైనును, కింది లైనును గుద్దుకోకుండా నిలబడితే మిగతావన్నీ నిలబడతాయి. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ స్పేసింగ్ తెలుగుకు సరిపోదు. 12 పాయింట్ల అక్షరానికి నేను 18 కంటే తక్కువ పెట్టను. పేజీలు పెరుగుతాయని ఓనర్లు ఒప్పుకోరు, ఒక పేజీ రెండు రకాలుగా ప్రింట్ తీసి చేతికివ్వండి. మాటలతో కంటే తొందరగా ఒప్పుకుంటారు.

“కంప్యూటర్‌లో కుంకుమ ఎరుపు పెడితే ప్రింట్‌లో ఇటుక రంగు వస్తోంది. తప్పు నాదా, ప్రెస్సుదా?” – నర్సంపేట నుంచి ఒక పాఠకురాలు

ఎక్కువసార్లు ఎవరిదీ కాదు. స్క్రీన్ రంగు వెలుగుతో పుడుతుంది, ప్రింట్ రంగు సిరాతో పుడుతుంది. ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగుల పద్ధతి) డిజైన్ చేసి చివర్లో సీఎంవైకేకు (సయాన్, మెజెంటా, ఎల్లో, నలుపు అనే నాలుగు సిరాల పద్ధతి) మార్చితే రంగు ఇష్టమొచ్చినట్టు పోతుంది. మొదటి నుంచీ సీఎంవైకేలోనే పని చెయ్యండమ్మా. కుంకుమకు మెజెంటా 100, ఎల్లో 100 పెట్టండి, మిగతా రెండూ సున్నా. సయాన్ కొంచెం కలిసినా ఎరుపు మట్టిబారుతుంది, మీకు వస్తున్న ఇటుక రంగు అదే అయ్యుంటుంది. పసుపుకు ఎల్లో 100తో పాటు మెజెంటా 20 దాకా. ఫోన్‌లో మెరిసే చిలకపచ్చ మాత్రం ఈ నాలుగు సిరాలతో రాదు, కస్టమర్‌కు ఆ సంగతి ముందే చెప్పండి.

చిన్న అక్షరాలను ఒక్క నలుపు ప్లేటులోనే ఉంచండి. నాలుగు రంగులు కలిపిన నలుపు పెడితే, ప్లేట్లు వెంట్రుకవాసి కదిలినా అక్షరం చుట్టూ రంగు నీడలు వస్తాయి. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలండి. కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) కావాలి, పెద్ద ఫ్లెక్స్‌కు అసలు సైజులో 72 నుంచి 100 సరిపోతుంది, దాన్ని ఎవరూ ముక్కు ఆనించి చూడరు కదా.

“ములుగులో హోటల్ పెడుతున్నాం. లోగోలో కాకతీయ తోరణం పెట్టించాలని మా నాన్న పట్టుదల. మీరేమంటారు?” – ములుగు

మీ నాన్నగారి అభిమానం నాకు అర్థమవుతుంది, ఆ తోరణం మాకూ ప్రాణమే. కానీ వరంగల్‌లో స్కూలు, ఆసుపత్రి, టైర్ల షాపు, ట్రావెల్స్, అందరి బోర్డుల మీదా అదే ఉంది. మీ హోటల్‌ను దానితో ఎట్లా గుర్తుపడతారు? పైగా 2014లో చిత్రకారుడు లక్ష్మణ్ ఏలె రూపొందించిన రాష్ట్ర చిహ్నంలో తోరణం, దాని మధ్యలో చార్మినార్, పైన సింహాలు ఉన్నాయి. కొంతమంది ఆ చిహ్నాన్నే కొంచెం అటూ ఇటూ మార్చి లోగో చేసుకుంటారు. అది అస్సలు వద్దు. సింహాల గుర్తును వ్యాపారానికి వాడటాన్ని 2005 నాటి చట్టమే నిషేధించింది.

మీరుండేది ములుగులో. రామప్ప మీ పక్కనే ఉంది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుడి మొత్తం బొమ్మ పెట్టకండి, చిన్న సైజులో అది నల్లటి మరకలా కనపడుతుంది. ఒకరోజు పొద్దున్నే వెళ్లి స్తంభాల మీది గుండ్రటి చెక్కడాలు, మదనికల నడుము వంపు, పైకప్పు మధ్యలోని పద్మం చూడండి. ఆ పద్మంలో ఒక్క రేకు చాలు లోగోకు. రాయి వద్దనుకుంటే మన నేత ఉంది. వరంగల్ దర్రీలకు (నేత తివాచీలు) 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, వాటి మెట్లమెట్ల అంచులు మెనూ కార్డు మీద, టేబుల్ మీద, బిల్లు మీద ఎక్కడ పెట్టినా ఒదుగుతాయి. చేర్యాల నకాశీ పటాలు ఎర్రటి నేల మీద కథను వరుసలుగా పేర్చి చెప్తాయి. ఆ వరుసల పద్ధతిలో హోటల్ గోడ ఒకటి చేయించవచ్చు. దాన్ని నాలాంటివాళ్లతో కంప్యూటర్‌లో కాపీ కొట్టించకండి. చేర్యాల వెళ్లి ఆ కళాకారులకే పని ఇవ్వండి, డబ్బు వాళ్లకే చేరాలి.

“మా నాన్న కరీంనగర్‌లో బోర్డులు రాసేవాడు. ఫ్లెక్స్ వచ్చాక పని పోయింది. నేను డిజైన్ నేర్చుకున్నాను. ఆయన చేతిరాతకు ఇంకా విలువ ఉందా అక్కా?” – కరీంనగర్ నుంచి

ఉంది తమ్ముడూ, చాలా ఉంది. బాపు గారి చేతిరాత ఫాంటుగా మారి ఇవాళ పెండ్లి పత్రికల నుంచి పత్రికల హెడ్డింగుల దాకా కనపడుతోంది కదా. మీ నాన్న చెయ్యి కూడా ఒక బడి లాంటిది. బోర్డు రాసేవాళ్లు గోడ మీద సుద్దతో రెండు లైన్లు కొట్టి, పేరంతా ఎంత జాగా తీసుకుంటుందో కళ్లతోనే కొలుస్తారు. ‘శ్రీ’ దగ్గర ఎంత వదలాలి, ‘ల’ పక్కన ‘క్ష్మి’ని ఎంత దగ్గరికి జరపాలి, ఇవి ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా చెప్పలేదు.

ఆయనతో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు తెల్ల కాగితం మీద నల్ల రంగుతో, అరచేతి సైజులో రాయించండి. మంచి వెలుతురులో స్కాన్ చేసి ఇలస్ట్రేటర్‌లో కానీ, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో కానీ గీతలుగా మార్చండి. ముందే ఫాంటు తయారుచేయాలని చూడొద్దు, తెలుగు ఫాంటుకు వందల రూపాలు కావాలి, చాలా శ్రమ. ముందు షాపు పేర్లు, పుస్తకం పేర్లు, షార్ట్‌ఫిల్మ్ టైటిళ్లు ఆయన రాతతో చేసి అమ్మండి. బిల్లులో ఆయన పని వేరుగా రాయండి. ఆయన రాసిన పాత బోర్డులు ఊళ్లో ఎక్కడైనా మిగిలి ఉంటే వాటిని తీసేయకముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. ఈ ఆదివారమే వెళ్లండి.

“లోగోకు డబ్బు అడిగితే ‘మా అల్లుడు ఫోన్‌లో ఊరికే చేస్తాడు’ అంటున్నారు. పది ఆప్షన్లు అడుగుతున్నారు. రేటు ఎట్లా చెప్పాలి?” – ఫ్రీలాన్సర్, మంచిర్యాల

అల్లుడు చేస్తే చేయనివ్వండి, ఆ మాట మీద కోపం తెచ్చుకోకండి. మీరు అడగాల్సింది ఒకటే: అది బోర్డు మీద, బిల్లు బుక్కు మీద, బండి మీద, ఒక్క రంగు రబ్బరు స్టాంపు మీద కూడా పనిచేస్తుందా? మీ దగ్గరున్న పాత పని ఒకటి ఈ అన్నింటి మీదా ఎట్లా ఉందో చూపించండి. అర్థమైనవాళ్లు ఆగుతారు.

పది ఆప్షన్లు ఇవ్వకండి. 1986లో స్టీవ్ జాబ్స్ తన కొత్త కంపెనీ నెక్స్ట్‌కు లోగో కోసం డిజైనర్ పాల్ రాండ్ దగ్గరికి వెళ్లాడు. ఐబీఎం లోగో చేసినవాడే ఈయన. కొన్ని ఆప్షన్లు చూపిస్తారా అని జాబ్స్ అడిగితే రాండ్ ఒప్పుకోలేదు, మీ సమస్యకు ఒక పరిష్కారం ఇస్తాను, వాడుకున్నా మానినా డబ్బు ఇవ్వాల్సిందే అన్నాడు. లక్ష డాలర్లు తీసుకుని ఒక్కటే చేశాడు, అది ఎందుకు అట్లా చేశాడో వివరిస్తూ చిన్న పుస్తకమే ఇచ్చాడు. మనం మంచిర్యాలలో అంత గట్టిగా మాట్లాడలేం, అందుకే నేను రెండు చూపిస్తాను. రాండ్ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ వివరణ రాసి ఇవ్వడం. ఈ రంగు ఎందుకు, ఈ అక్షరం ఎందుకు అని ఒక పేజీ రాసి లోగోతో పాటు చేతికివ్వండి. చదివాక “ఇంకొంచెం పెద్దగా” అనే మాట చాలా తగ్గుతుంది.

పని మొదలుపెట్టే ముందు సగం అడ్వాన్స్ తీసుకోండి, చుట్టాలైనా సరే. మూడుసార్ల వరకు మార్పులు, ఆ తర్వాత ప్రతి మార్పుకు ఇంత అని మెసేజ్‌లో రాసి, వాళ్లతో ‘ఓకే’ అనిపించుకోండి. మిగతా సగం అందాకే పీడీఎఫ్, ఎస్‌వీజీ ఫైళ్లు ఇవ్వండి. అప్పటిదాకా చూపించేవన్నీ చిన్న సైజు జేపెగ్‌లే. రేటు చెప్పేటప్పుడు కిలో లెక్కన కాకుండా, ఆ లోగో ఎన్ని చోట్ల వాడతారో అడిగి చెప్పండి. ఒక్క కిరాణా షాపు బోర్డుకు, నాలుగు జిల్లాలకు సరుకు పంపే మసాలా ప్యాకెట్‌కు ఒకే ధర ఎట్లా అవుతుంది?